లలితకుమారి ఎక్కిన బస్సు

పొద్దున్నే అయిదున్నరకి ఢిల్లీ బేర్ సరాయ్‌లో అందరికంటే ముందు నోరు తెరిచేది ఉమారాణి మెస్సులోని కుక్కరు. అది మూడు కూతలు పెట్టేలోగా లలితకుమారి సాంబారులోకి ముల్లంగి తరిగేస్తుంది, కొబ్బరి పచ్చడి రుబ్బేస్తుంది, మధ్యాహ్నం అన్నానికి బియ్యం కొలిచేస్తుంది. కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి గోడవారనున్న డాల్డా డబ్బాలో పోస్తుంది. ఆ పిడికెడు ప్రభువుది. నర్సాపురంలో వాళ్ళమ్మ అలాగే తీసేది, అమ్మమ్మా అలాగే తీసేది. ఆదివారం నాడు ఆ పిడికెళ్ళన్నీ కలిపి, ప్రార్థనకి వచ్చినవాళ్ళకి ప్రేమవిందు వండుతారు.

మెస్సు అంటే రెండు గదులు. ముందు గదిలో పొడుగాటి బల్ల, పన్నెండు కుర్చీలు. వెనక గదిలో వంట. వంటగది వెనక అలమారా కంటే కాస్త పెద్దదిగా ఇంకో గది, అది లలితకుమారిది. దానికి ఒక కిటికీ ఉంది, తెరిస్తే ఎదురింటి గోడ. చెయ్యి చాపితే ఆ గోడకి సున్నం కూడా వెయ్యొచ్చు. ఆకాశం చూడాలంటే మేడెక్కాలి. మేడ మీద ఇంటి ఓనరు గోధుమలు ఆరబోసుకుంటాడు, ఎవర్నీ ఎక్కనివ్వడు.

తినడానికి వచ్చే పన్నెండు మందీ సివిల్స్‌కి చదివే తెలుగు పిల్లలు. వాళ్ళకి లలితకుమారి పెట్టిన షరతు ఒక్కటే. అన్నం గిన్నె బల్ల మీద పెట్టి, మూత మీద చెయ్యి వేసి ఆవిడ ప్రార్థన చేస్తుంది. అందరూ 'ఆమెన్' అన్నాకే మూత లేస్తుంది. ఒక్కరు అనకపోయినా లేవదు. శ్రీకాకుళం సత్యనారాయణ దేవుడు లేడని నిరూపించడానికి రెండొందల పేజీల నోట్సు రాసుకున్నాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది అతనే. అదేంటయ్యా అంటే, "దేవుడి సంగతి మెయిన్స్ అయ్యాక తేల్చుకుంటాను ఆంటీ, ముందు మూత తియ్యండి, కడుపు మండిపోతంది" అంటాడు.

మూల కుర్చీలో కూర్చునే తేజశ్రీది వేరే పద్ధతి. సిరిసిల్ల నుంచి వచ్చింది. కటవారియా సరాయ్‌లో గది, ఈ మెస్సులో తిండి, నాలుగేళ్ళుగా అంతే. పుస్తకంలోంచి తల ఎత్తదు. లలితకుమారి గొంతు ప్రార్థన చివర్లో మెట్లు దిగినట్టు కిందికి దిగుతుంది చూడండి, అది వినపడితే చాలు, బటన్ నొక్కినట్టు తేజశ్రీ నోట్లోంచి ఆమెన్ ఊడిపడుతుంది. ఒకసారి లలితకుమారి పుచ్చు వంకాయల గురించి కూరగాయలవాడితో పోట్లాడి పోట్లాడి, అలిసిపోయి, చివర్లో గొంతు తగ్గించింది. లోపల్నుంచి "ఆమెన్" అని వినపడింది.

ఇంతకీ లలితకుమారి ఢిల్లీకి వంట చెయ్యడానికి రాలేదు. బస్సు మారడానికి వచ్చింది.

పందొమ్మిదేళ్ళప్పుడు నర్సాపురం ఉజ్జీవ కూటాల్లో, సేవకి వెళ్ళేవాళ్ళు లేచి నిలబడండి అంటే, లేచి నిలబడింది. పక్కనున్నవాళ్ళు కాళ్ళు తిమ్మిరెక్కి లేచిందనుకున్నారు. కాదు. ఆ తర్వాత పన్నెండేళ్ళు మంచాన పడ్డ తల్లిని చూసుకుంది. తల్లి పోయాక, కుమావున్ కొండల్లో దిక్కులేని పిల్లల హాస్టలుకి వార్డెను కావాలంటే ఉత్తరం రాసింది. రమ్మన్నారు. పందొమ్మిది వందల తొంభై తొమ్మిది జూన్‌లో ఒక ట్రంకు పెట్టెతో ఢిల్లీలో దిగి, అన్నయ్య భీమారావు ఇంట్లో రెండు రోజులుంది. భీమారావు సెక్రటేరియట్‌లో గుమాస్తా, ఆయన భార్య ఉమారాణిదే ఈ మెస్సు. మూడో రోజు పొద్దున్న ఆయనే చెల్లెల్ని ఆనంద్ విహార్ బస్సెక్కించాడు. కొండలకి వెళ్ళే బస్సులు అక్కణ్ణుంచే.

బస్సు మునిర్కా దాటింది. ఆర్.కె.పురం దాటింది. మోతీబాగ్ దాటింది. తర్వాత స్టాపులో కండక్టరు "బేర్ సరాయ్, బేర్ సరాయ్" అని అరిచాడు.

కొత్త ఊరు కదా, పొరపాటుగా ఎక్కానేమో అనుకుని లలితకుమారి దిగి, మర్నాడు మళ్ళీ ఎక్కింది. మళ్ళీ బేర్ సరాయే. ఆటో ఎక్కింది. ఆటోవాడు మూడు దారులు మార్చి, మూడు రకాల బూతులు తిట్టి, మూడోసారి మెస్సు ముందే ఆపాడు. నడిచి చూసింది. ఒకవైపు కటవారియా సరాయ్ చివరి ఇస్త్రీ బల్ల దాకా, ఇంకోవైపు పాత జె.ఎన్.యూ. గేటు దాకా దారి మామూలుగానే ఉంటుంది. అది దాటి పది అడుగులు వేస్తే ఫొటోస్టాట్ కొట్టు ముందు తేలుతుంది. కొట్టువాడు "ఆ గయీ, ఆంటీజీ?" అని, వచ్చేశావా అన్నట్టు మంచినీళ్ళిస్తాడు. అదీ ఆవిడ ప్రపంచం. ఈ చివర్నుంచి ఆ చివరికి ఇరవై నిమిషాల నడక.

దీనికి జనం నోళ్ళు వెళ్ళబెట్టారనుకుంటే పొరపాటు. ఢిల్లీలో కరెంటు పోతుంది, నీళ్ళు పోతాయి, ఫైళ్ళు పోతాయి. లలితకుమారి ఎక్కితే బస్సు తిరిగొస్తుంది. ఆవిడతో పాటు ఎక్కినవాళ్ళందరూ తిరిగొస్తారు. స్టాపులో ఆవిడ కనపడగానే కండక్టర్లు తలుపుకి అడ్డంగా నిలబడి, "ఆంటీజీ, ఇది కాదు, డిపోకి వెళ్ళే ఖాళీ బండి వస్తుంది, అందులో కూర్చోండి" అని హిందీలో బతిమాలేవాళ్ళు. భీమారావు ఆఫీసుకి ఆలస్యమైన రోజు రిజిస్టర్లో 'కారణం: లలితకుమారి' అని రాసేవాడు, సెక్షన్ ఆఫీసరు మారు మాట్లాడకుండా సంతకం పెట్టేవాడు. చెల్లెలు జ్వరంతో మంచం దిగని రోజు కూడా అదే కారణం రాసి, పక్క సీటతనికి దొరికిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

ఏడేళ్ళు. మంచం కింద ట్రంకు పెట్టె సర్దింది సర్దినట్టే ఉంది. రెండు స్వెట్టర్లు, ఉన్ని మేజోళ్ళు, మందుల డబ్బా, పిల్లల కోసం కొన్న ముప్పై పలకలు. ప్రతి జూన్‌లో పెట్టె తీసి, కొత్త కలరా ఉండలు వేసి, మళ్ళీ మూసేది. మూసేటప్పుడు మాత్రం గది తలుపు గడియ పెట్టుకునేది. లోపల ఏం చేసేదో ఉమారాణి ఎప్పుడూ అడగలేదు. బయటికొచ్చాక కళ్ళు ఎందుకెర్రగా ఉన్నాయంటే, కలరా ఉండల ఘాటు అనేది.

ఆదివారాలు కటవారియా సరాయ్‌లో ఒక మేడ మీది హాల్లో తెలుగు క్రైస్తవుల సహవాసం జరిగేది. నడిపేది సుబేదారు కనకయ్య గారు. కంటోన్మెంటులో ఉండేవారు, పాతికేళ్ళు సైన్యంలో చేసి రిటైరయ్యారు. ఆయన "ప్రార్థన చేద్దాం" అంటే కళ్ళు మూసుకోవాలో సెల్యూట్ కొట్టాలో కొత్తవాళ్ళకి తెలిసేది కాదు. ప్రభువు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఒకాయనకి ప్రమోషనొచ్చేది, ఒకావిడకి కిడ్నీలో రాళ్ళు కరిగేవి, ఒకరి అబ్బాయికి సీటొచ్చేది. లలితకుమారి వంతు వస్తే లేచి, "నేను ఇంకా ఇక్కడే ఉన్నానండి. ప్రభువుకి స్తోత్రం" అని కూర్చునేది. ఏడేళ్ళుగా అదే సాక్ష్యం, ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ స్తోత్రం అనేటప్పుడు గొంతు ఎండిపోయినట్టుండేది.

"అమ్మా, దేవుడు పోస్టింగ్ ఇచ్చిన చోటే డ్యూటీ," అన్నారొకసారి కనకయ్య గారు.

"పోస్టింగ్ కొండ మీదండి. నేను ట్రాన్సిట్ క్యాంపులో ఇరుక్కుపోయాను."

"సగం సర్వీసు ట్రాన్సిట్ క్యాంపులోనే పోతుందమ్మా. నాకూ అంతే."

"మీకు అక్కడ గోడలుండేవి కాదుగా."

కనకయ్య గారు మీసం దువ్వుకుని, తర్వాతి పాట నంబరు చెప్పారు.

రెండు వేల ఆరు ఏప్రిల్‌లో హాస్టలు నుంచి ఉత్తరమొచ్చింది. ఏడేళ్ళూ ఎవరో ఒకరితో నెట్టుకొచ్చామనీ, మీ కోసం ఎదురు చూసిన మొదటి పిల్లలు పదో తరగతి దాటి వెళ్ళిపోయారనీ, జూన్ పదిహేనులోగా రాకపోతే వేరే మనిషిని తీసుకుంటామనీ, దయచేసి నొచ్చుకోవద్దనీ. లలితకుమారి ఆ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి, జాకెట్టులో దోపుకుని, పన్నెండు మందికీ పెసరట్లు వేసింది. సత్యనారాయణకి మూడోది మాడింది. ఎప్పుడూ మాడనిది మాడేసరికి అందరికీ తెలిసిపోయింది.

సహవాసం ఇరవయ్యొక్క రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. రోజూ సాయంత్రం ఆరింటికి మెస్సులోనే, బల్ల చుట్టూ. కనకయ్య గారు మొదటి రోజే హెచ్చరించారు. "చివర్న అందరూ ఆమెన్ అనాలి. ఒక్కరు తగ్గినా అర్జీ కదలదు."

"సంతకం లేని ఫైలులాగ," అన్నాడు భీమారావు, తన రంగం వచ్చేసరికి హుషారుగా.

అప్పటికి సివిల్స్ ఫలితాలొచ్చి కొన్నాళ్ళయింది. తేజశ్రీ ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. జాబితాలో పేరు లేదు. ముప్పై నిండాయి, ఇక రాయడానికి లేదు. పిల్లలందరూ ఆమెని ఎలా ఓదార్చాలో రిహార్సల్ వేసుకునేలోగా ఆమే మెస్సుకొచ్చి, "ఠీక్ హై, అయిపాయె" అని మూల కుర్చీలో కూర్చుంది. రెండుసార్లు పప్పు వేయించుకుంది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పుస్తకం తెచ్చుకునేది, తల ఎత్తేది కాదు, ఆమెన్ అనేది. గట్టి పిల్ల అనుకున్నారందరూ. పుస్తకం పేజీ తిప్పట్లేదన్న సంగతి ఎవరూ చూడలేదు. లలితకుమారి కూడా చూడలేదు. ఆవిడ ఆ నెలంతా క్యాలెండరు చూస్తోంది.

జూన్ పన్నెండు, సోమవారం. ట్రంకు పెట్టె గుమ్మంలో ఉంది. లలితకుమారి చెప్పులేసుకుంటుంటే ఉమారాణి గరిటెతో సహా వచ్చి నిలబడింది.

"లలితా, నీకొకటి చెప్పాలి. తిట్టనని మాటివ్వు."

"ఇంకో దుప్పటి పెట్టానని చెప్పకొదినా, పెట్టె మూత పడదు."

"అది కాదే. ఏడేళ్ళుగా నీ గురించి ప్రార్థన చేసిన ప్రతిసారీ... నేను ఆమెన్ అనలేదు."

"అదేంటి? పెదాలు కదిలేవి, నేను చూసేదాన్నిగా."

"కదిలించేదాన్ని. గొంతు పెట్టేదాన్ని కాదు." ఉమారాణి గరిటె వైపే చూస్తూ మాట్లాడింది. "మొదటి ఏడాది నువ్వెళ్ళిపోతే వంట ఎలాగా అని. తర్వాత... తర్వాత నువ్వెళ్ళిపోతే నేనెలాగా అని."

లలితకుమారి ఒక చెప్పు వేసుకుని, ఇంకో చెప్పు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ చెప్పు ఎటు వెళ్తుందోనని ఉమారాణి కాస్త వెనక్కి జరిగింది కూడా.

"మరి ఈసారి?"

"నిన్న అన్నాను. గట్టిగానే అన్నాను. కనకయ్య గారు ఉలిక్కిపడ్డారు, చూళ్ళేదూ?"

ఏడేళ్ళు. ముప్పై పలకలు. పదో తరగతి దాటిపోయిన పిల్లలు. లలితకుమారి రెండో చెప్పు కూడా కాలికే వేసుకుంది.

"సాంబారు పొడి రెండో డబ్బాలోది వాడు. మొదటి దాన్లో పురుగు పట్టింది," అని పెట్టె ఎత్తుకుంది.

బస్సులో ఆవిణ్ణి చూడగానే రోజూ వెళ్ళేవాళ్ళు మూలిగారు. ఇద్దరు దిగిపోయారు. టై కట్టుకున్న ఒకతను చేతులు జోడించి, "ఆంటీజీ, ఇవాళ నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది" అన్నాడు ఏడుపు ముఖంతో. ఆవిడ పెట్టె మీద ఒక చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని కూర్చుంది. మునిర్కా. ఆర్.కె.పురం. మోతీబాగ్.

కండక్టరు నోరు తెరిచాడు. బస్సంతా ఊపిరి బిగబట్టింది.

"సఫ్దర్‌జంగ్!" అన్నాడు కండక్టరు, తన నోటిని తనే నమ్మలేనట్టు.

చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. ఎవరో ఆవిడకి కిటికీ సీటిచ్చారు. టై అబ్బాయి బిస్కెట్టు పెట్టాడు. లలితకుమారి కళ్ళు తెరిచింది. ఎంత ఆకాశం! గోడకీ గోడకీ మధ్య నలిగిన గుడ్డపేలికలా కాదు, బట్టల థాను విప్పి పరిచినట్టుంది. ఏడేళ్ళు ఢిల్లీలో ఉండి మొదటిసారి ఇండియా గేట్ చూసింది. నిజం చెప్పొద్దూ, ఫొటోస్టాట్ కొట్టు క్యాలెండర్లో ఉన్నదాని కంటే కాస్త మాసినట్టనిపించింది. అయినా ముసిముసిగా నవ్వుకుంది. నలభై నిమిషాల్లో ఆనంద్ విహార్. సాయంత్రానికి కొండ గాలి.

ఆ నవ్వుతోనే ముందుకి చూస్తే, రెండు సీట్ల అవతల పచ్చ రబ్బరుబ్యాండు పెట్టిన జడ కనపడింది. తేజశ్రీ. కాళ్ళకి స్నానాల గదిలో వేసుకునే చెప్పులు. చేతిలో సంచీ లేదు, పర్సు లేదు. అన్నిటికంటే ముఖ్యం, పుస్తకం లేదు. పుస్తకం లేకుండా తేజశ్రీని లలితకుమారి ఎన్నడూ చూడలేదు.

పెట్టె ఈడ్చుకుంటూ వెళ్ళి పక్కన కూలబడింది.

"తేజా! నువ్వేంటే ఇక్కడ? టిఫిను తిన్నావా?"

"లే ఆంటీ." తేజశ్రీ తల తిప్పి చూసింది. ముఖం కడిగిన పలకలా ఉంది. "నువ్వు పోతున్నవ్ గదా. మంచిగ పో."

"నువ్వెక్కడికి?"

"గీడికే. పుల్ కాడ దిగుత."

"ఏ పుల్?"

"యమున మీది పుల్."

"అక్కడెవరున్నారే?"

"ఎవ్వరు లేరు. గందుకే."

టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పింది. బస్సు ఎర్ర లైటు దగ్గర ఆగి, మళ్ళీ కదిలింది.

"రూం ఖాళీ చేసిన ఆంటీ. పుస్తకాలన్ని కబాడీవానికిచ్చిన. తాళం ఓనర్‌కిచ్చిన. అమ్మకు ఉత్తరం రాసిన." కిటికీ వైపు తిరిగి, "నాలుగేండ్లు మా నాయిన మగ్గం మీదికెళ్ళి లేవలే ఆంటీ. ఇప్పుడు ఏం మొఖం పెట్టుకొని ఇంటికి పోవాలె?"

లలితకుమారి ఆమె మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది, జూన్ నెలలో. పట్టుకుని దింపేద్దామా? తేజశ్రీ ఆవిడ కంటే జానెడు పొడుగు, ఎనిమిదేళ్ళు చిన్న. ఒక్క విదిలింపు చాలు. ఢిల్లీ బస్సులకి తలుపులుంటాయి గానీ మూసుకోవు. వంతెన మీద ట్రాఫిక్కుంటుంది, బస్సు నత్తలా పోతుంది. ఐటీవో వచ్చేస్తోందని కండక్టరు అరుస్తున్నాడు. ఐటీవో తర్వాత వంతెనే.

ఏడేళ్ళుగా ఆవిడ ప్రతి బస్సులోనూ ఒకటే అడిగింది, పోనియ్యి ప్రభువా అని. ఇవాళ పోనిచ్చాడు. కిటికీలోంచి ఇంకా అంత ఆకాశమూ కనపడుతూనే ఉంది. లలితకుమారి దాని వైపు ఒక్కసారి చూసింది. ఆశ తీరా చూసింది. తర్వాత ఎడంచేత్తో తేజశ్రీ మణికట్టు పట్టుకునే, కుడిచెయ్యి తీసుకెళ్ళి ట్రంకు పెట్టె మూత మీద పెట్టింది, రోజూ అన్నం గిన్నె మూత మీద పెట్టినట్టే. పెదాలు మాత్రం కదిలాయి. ఏమడిగిందో వంతెనకి వినపడలేదు, కండక్టరుకి వినపడలేదు, పక్కనున్న తేజశ్రీకీ వినపడలేదు. చివరి మాటలు మాత్రం అలవాటు కొద్దీ పైకొచ్చాయి. గొంతు మెట్టు మెట్టుగా కిందికి దిగింది.

"...యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

"ఆమెన్," అంది తేజశ్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ. అన్నట్టు ఆమెకే తెలీదు.

బస్సు మలుపు తిరిగినట్టు ఎవరికీ అనిపించలేదు. ఐటీవో చౌరస్తా రావలసిన చోట ఫొటోస్టాట్ కొట్టు వచ్చింది.

"బేర్ సరాయ్..." కండక్టరు తలుపుకి తల ఆనించుకుని, నీరసంగా అన్నాడు. "బేర్ సరాయ్."

"అరే యార్!" అన్నారు ముప్పై మంది ఒకేసారి. టై అబ్బాయి లేచి నిలబడి, "ఇండియా గేట్ దాకా వచ్చాం కదా ఆంటీజీ! ఇండియా గేట్ దాకా!" అని బిస్కెట్ల పొట్లం వెనక్కి లాక్కున్నాడు.

తేజశ్రీ బయటికి చూసింది, లలితకుమారిని చూసింది. "గిదేంది ఆంటీ?"

"బేర్ సరాయ్. ఎప్పుడూ చూళ్ళేదా? దిగు. ఆ పక్క పిడి పట్టుకో, నా నడుం పోతోంది."

పట్టుకుంది. పెట్టెకి రెండు పిడులు, ఇద్దరు మనుషులు, ఒకరు వదిలేస్తే ఇంకొకరి కాలి మీద పడుతుంది. అందుకని తేజశ్రీ వదల్లేదు. సందులో ఇద్దరూ పక్కపక్కన పట్టరు, అడ్డంగా నడుచుకుంటూ, గోడలకి మోచేతులు గీరుకుంటూ మెస్సు దాకా వచ్చారు. పెట్టెలో పలకలు టకటకమన్నాయి.

ఉమారాణి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. సంతోషమూ సిగ్గూ ఒకేసారి వస్తే ముఖం ఎలా పెట్టాలో తెలీక, కొంగుతో మూసేసుకుంది. "ఒట్టు లలితా, నేను అన్నాను. ఈసారి నిజంగానే అన్నాను!"

"తెలుసొదినా. ఇది నీ పని కాదు. సాంబారులో ఏ డబ్బా పొడి వేశావు?"

"మొదటిదే..."

"తెలుసు. పారబొయ్యి."

తేజశ్రీ నాలుగు ఇడ్లీలు తిని, లలితకుమారి మంచం మీద పడుకుని, మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. లలితకుమారి గది గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, ఆ రెండు రోజులూ కూరలన్నీ అక్కడే తరిగింది. భీమారావు ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి సిరిసిల్లకి ఫోను చేశాడు. నాలుగో రోజు తేజశ్రీ నాయన రైలు దిగాడు. బక్కపల్చటి మనిషి, వేళ్ళకి నూలు రంగు ఇంకా వదల్లేదు. కూతురి ముందు నేల మీద కూర్చుని, "బిడ్డా, మగ్గం నేసేటోనికి పోగు తెగుడు కొత్తనా? ముడేస్త, మల్ల నేస్త" అన్నాడు. తేజశ్రీ ఆ రోజు ఏడ్చింది. నెల రోజుల్లో మొదటిసారి. ఆ ఏడుపు వినపడగానే వంటగదిలో లలితకుమారి పీట మీంచి లేచి, నడుం సాగదీసుకుంది.

హాస్టలుకి ఆవిడే ఉత్తరం రాసింది, నా కోసం చూడొద్దని. వాళ్ళు ఒరిస్సా అమ్మాయినెవరినో తీసుకున్నారు. చాలా బాగా చేస్తోందని జవాబు కూడా వచ్చింది. ఆ జవాబు చదివిన మధ్యాహ్నం లలితకుమారి అయిదు కిలోల ఉల్లిపాయలు తరిగింది. ఆ రోజు కూరలో ఉల్లిపాయలు అక్కర్లేదు. సత్యనారాయణ కూడా నోరు మూసుకుని రెండు రోజులు ఉల్లిపాయ పకోడీలు తిన్నాడు.

ఆదివారం సహవాసంలో కనకయ్య గారు గొంతు సవరించుకుని, "లలితమ్మ విడుదల కోసం మళ్ళీ ఉపవాసం పెట్టుకుందామా?" అన్నారు.

"వద్దండి. ఆ అర్జీ వెనక్కి తీసేసుకున్నాను."

భీమారావు ఉలిక్కిపడ్డాడు. ఏడేళ్ళు నడిచిన ఫైలు అలా మూసేస్తారని ఆయన సర్వీసులో వినలేదు. సాక్ష్యాల సమయంలో లలితకుమారి లేచింది. "నేను ఇంకా ఇక్కడే ఉన్నానండి," అంది. తర్వాతి మాట కోసం అందరూ చూశారు. స్తోత్రం అంది, కానీ ఈసారి గొంతు ఎండిపోలేదు. ఎందుకో కనకయ్య గారు నిటారుగా నిలబడ్డారు.

ట్రంకు పెట్టె ఖాళీ అయింది. పలకలు కటవారియా సరాయ్‌లో కూలివాళ్ళ పిల్లలకి వెళ్ళాయి. ఒక స్వెట్టరు ఉమారాణి తీసుకుంది, ఏడేళ్ళ ఆమెన్లకి పరిహారం నేనివ్వాలిగానీ నువ్విస్తావేంటే అంటూనే తీసుకుంది. డాల్డా డబ్బా చాలట్లేదని పిడికెడు బియ్యం పెట్టెలో పోయడం మొదలెట్టారు. మూడు వారాల దాకా ప్రేమవిందు కలరా ఉండల వాసనేసింది.

తేజశ్రీ వర్షాకాలమంతా ఉంది. మూల కుర్చీలో కూర్చుని జూనియర్లకి జాగ్రఫీ చెప్పింది. ఆమె చెబితే సత్యనారాయణకి కూడా రుతుపవనాలు అర్థమయ్యాయి. నవంబరులో కరీంనగర్ జూనియర్ కాలేజీలో లెక్చరరు ఉద్యోగమొచ్చింది. స్టేషన్‌కి బస్సెక్కించడానికి లలితకుమారి స్టాపు దాకా వచ్చింది.

"ఆంటీజీ, మీరు కూడానా?" కండక్టరు అనుమానంగా తలుపు పట్టుకున్నాడు. జూన్ తర్వాత ఆవిడ బస్సెక్కలేదు. ఎక్కితే ఇప్పుడు తిరిగొస్తుందో లేదో ఎవరికీ తెలీదు. ఫొటోస్టాట్ కొట్టువాడు రెండు వైపులా పందెం కాసి కూర్చున్నాడు.

"లేదు నాయనా. ఎసరు పెట్టొచ్చాను."

తేజశ్రీ మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. "ఆంటీ, ఆ దినం బస్సుల నువ్వేదో ప్రార్థన చేసినవ్ గదా. నేను ఆమెన్ అన్న. తర్వాత యాదికొచ్చింది. దేనికన్న?"

"ఇన్నాళ్ళకి అడిగావా? మా అన్నయ్యని అడుగు, సంతకం పెట్టే ముందు చదువుకోవాలంటాడు."

"చెప్పు ఆంటీ."

"నీకు ఆకలెయ్యాలని అడిగాను."

"గంతేనా?"

"అంతే. వేసిందిగా? ఎక్కు, నీ వెనక జనం తిట్టుకుంటున్నారు."

బస్సు కదిలింది. లలితకుమారి అక్కడే నిలబడి, అది మునిర్కా వైపు మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా కాసేపు చూసింది. ఏడేళ్ళ అలవాటు, ఆ మలుపుని నమ్మడం కష్టం. బస్సు తిరిగి రాలేదు.

మధ్యాహ్నం అన్నం గిన్నె బల్ల మీదికొచ్చింది. ఆవిడ మూత మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసి, గొంతు కిందికి దించింది. పదకొండు ఆమెన్లు వినపడ్డాయి. మూత లేవలేదు.

మూల కుర్చీలో కొత్తమ్మాయి. పొద్దున్నే కడప నుంచి దిగింది. పేరు నేహా, ఎర్రటి కళ్ళు, ఒళ్ళో పుస్తకం. అందరూ తనవైపే చూస్తుంటే బిక్కచచ్చిపోయింది.

"అనమ్మా తల్లీ," సత్యనారాయణ కంచం మీద వేళ్ళతో దరువేశాడు, "చచ్చిపోతన్నాం ఆకలితో."

"ఏమనాల?" అంది నేహా.

లలితకుమారి మూత మీది చెయ్యి తియ్యకుండానే, మూల కుర్చీ వైపు వంగి, నెమ్మదిగా చెప్పింది.